బిల్లు ఎక్కడ ఆగింది?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది, పునాది లేచింది, బిల్లు రాలేదు. ఏ గూడెం పోయినా ఇదే మాట. ఆఫీసులో 'వస్తదిలే' అంటే తిరిగి రాకండి. ఎక్కడ ఆగిందో అడగండి. 5 లక్షలు ఒక్కసారి పడవు, దశలవారీగా పడతయ్. పునాది ఫోటో ఆన్‌లైన్‌లో ఎక్కిందా? సిగ్నల్ లేని గూడేల్లో అక్కడే ఆగుతది. ఎక్కితే, ఆధార్ ఏ ఖాతాకు లింకైందో బ్యాంకులో చూపించుకోండి. ఎప్పుడో తీసి మరిచిపోయిన ఖాతాలో డబ్బు పడి ఉండొచ్చు.

ఈ రెండూ సరిగ్గుంటే ఆలస్యం మనది కాదు. ఐటీడీఏలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. తెల్ల రేషన్ కార్డు నకలు జతచేస్తే ఫీజు లేదు.

పాత గుడిసె పీకేసి టార్పాలిన్ కింద ఉంటున్నోళ్ల పేర్లు ముందు రాయండి. వానలు మొదలయ్యేలోపే వాళ్ల బిల్లు కదలాలి.