పెండలం విత్తనం – మన రెండో పొదుపు

(వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగం)



ప్రతి ఏడూ మేము పొదుపులు, అప్పులు, వాయిదాల లెక్క చెబుతాం. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి. ఈసారి పెరట్లో పెండలం లెక్క చెబుతామండి.

పెండలం మనకు కొత్త కాదు. సంక్రాంతికి ముక్కల పులుసులో పడాల్సిందే. 1996 నవంబరు తుఫానుకు అరటి, కొబ్బరి నేలకొరిగినా, మట్టిలో ఉన్న దుంప మాత్రం మిగిలిందని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అంత మొండి తీగ. అయినా మొదటి ఏడు మేము దాన్ని చంపేసేం!

బజారులో దుంపలు కొని, ముక్కలు కోసి, అదే రోజు పల్లపు నేలలో పాతేం. తొలకరి వానకి నీళ్ళు నిలిచి ముక్కలన్నీ కుళ్ళిపోయేయి. మన డెల్టా మట్టి నీళ్ళు వదలదు కదా. పెండలానికి తడి కావాలి గాని నీటి నిలవ పనికిరాదు.

రెండో ఏడు పద్ధతి మార్చేం. పావుకిలో తగ్గకుండా, ప్రతి ముక్కకీ తొక్క ఉండేట్టు కోసేం. బంగాళదుంపలా దీనికి కళ్ళు కనబడవు, మొలక తొక్క దగ్గర నుంచే వస్తుంది. తీగ అంటుకున్న తల వైపు ముక్క ముందు మొలుస్తుంది. ముక్కల్ని చిక్కటి పేడనీళ్ళలో ముంచి నీడలో ఆరబెట్టేం. మెరక చూసి, మూర వెడల్పు, మూర లోతు గుంట తీసి, పైమట్టి, మాగిన పశువుల గెత్తం కలిపి నింపి, పైన దిబ్బలా చేసి అందులో పాతేం. గుంటకీ గుంటకీ రెండు మూరల ఎడం. పైన ఎండాకులు కప్పేం. మొలక రాగానే వెదురు కర్రో కొబ్బరితాడో కట్టేం. తీగ నేల మీద పాకితే ఆకుకి ఎండ చాలదు, దుంప ఊరదు.

మే, జూన్‌లలో పాతితే సంక్రాంతి నాటికి ఆకు పండి ఎండుతుంది. అప్పుడు తవ్వితే బాగా ఊరిన గుంటకి రెండు కిలోల పైన వచ్చింది. తిన్నాం, పంచుకున్నాం, సంతలో అమ్మేం. వేసవి వచ్చేసరికి చూసుకుంటే చాలామంది ఇళ్ళలో విత్తనం లేదు!

ఒక చెల్లెలు దాచిన విత్తనమంతా అమ్మి పిల్లాడి ఫీజు కట్టింది. ఆవిణ్ణి ఏమనగలం? ఆ రోజు ఆవిడికి కావలసింది డబ్బే. తప్పు ఆవిడిది కాదు. ఎవరి విత్తనం వాళ్ళింట్లోనే ఉంటే కష్టం వచ్చినప్పుడు అదే ముందు పోతుంది. డబ్బు విషయంలో మనం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాం. అందుకే కదా సంఘం పెట్టుకున్నాం!

కాబట్టి విత్తనాన్ని కూడా సంఘంలో వేసేం. తవ్వినప్పుడే దెబ్బ తగలని దుంపలు ఏరి, గాలాడే నీడ గదిలో ఇసుక మీద ఒకే వరసలో పరిచేం. గోనెసంచిలో కట్టలేదు. తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రపోతుంది, మొలకెత్తదు. ఆ నిద్రే మనకి వరం. పదిహేను రోజులకోసారి చూసి మెత్తబడ్డవి తీసేసేం.

కిలో విత్తనం తీసుకున్నవాళ్ళు పంటకి కిలోన్నర తిరిగివ్వాలి. "నూటికి యాభై వడ్డీయా!" అని మీటింగులో అందరూ నవ్వేరు. కిలో విత్తనానికి నాలుగు గుంటలు, అందులో అర కిలో బరువు కాదని లెక్కేసుకుని ఒప్పుకున్నారు. ఆ అర కిలో కొత్తగా చేరినవాళ్ళకి, పంట పోయినవాళ్ళకి. పంట పోతే బాకీ లేదు. ఫీజు కట్టిన చెల్లెలికే మొదటి కిలో ఇచ్చేం. ఈ సంక్రాంతికి కిలోన్నర తెచ్చి, తూకం తనే వేసి చూపించింది.

ఒక్క జాగ్రత్త. అడవిలోనో గట్టు మీదో దొరికిన తెలియని దుంపని పెండలం అనుకుని వండకండి. కొన్నిట్లో విషం ఉంటుంది.

ఈ మహాసభకి మా విత్తన బుట్ట తెచ్చేం. కావలసినవాళ్ళు పేరు రాయించుకుని తీసుకెళ్ళండి. వచ్చే ఏడు కిలోన్నరతో కలుద్దాం. సెలవు.