ఏసీ గ్యాసు ఖర్చయ్యే సరుకు కాదు

(ఉప్పల్, నాచారం ప్రాంత సభ్యుల వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గూర్చి నాకు ముందు మాట్లాడినవారు సవివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం ఇంటి ఏసీలో గ్యాసు లీకేజీ. నేను ఇంజనీరును కాను, స్టాకు రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. అందుచేత ఆ భాషలోనే మనవి చేస్తాను.

ఆఫీసులో సరుకు రెండు రకాలు. కాగితాలు, సిరా, కార్బన్లు వాడితే అయిపోతాయి. బల్లలు, కుర్చీలు, బీరువాలు డెడ్ స్టాకు. ఎన్నేళ్ళు వాడినా ఉంటాయి. ఏసీలోని గ్యాసు ఈ రెండో రిజిస్టరులోది. మూసి ఉన్న గొట్టాల్లో కంప్రెసర్ దాన్ని తిప్పుతుంటుంది. లోపలి కాయిల్లో ఆవిరై గదిలోని వేడిని పీల్చుకుంటుంది, బయటి యూనిట్‌లో ఆ వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. స్కూటరులో పెట్రోలులాగా మండిపోయేది కాదు. బీరువా కనబడకపోతే కొత్త బీరువాకు ఇండెంటు పెడతామా? ఎలా పోయిందని విచారిస్తాం. ఏసీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "గ్యాసు అయిపోయింది సార్, నింపేస్తా" అనగానే తలూపుతున్నాం.

మన సభ్యులొకరు వరుసగా మూడు వేసవులు గ్యాసు నింపించారు. ఆయన గుండె జబ్బు మనిషి. మూడో ఏడు మే నెలలో, ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో, నింపించిన రెండు వారాలకే గది చల్లబడటం మానేసింది. రాత్రిళ్ళు తడి తువ్వాలు కప్పుకుని గడిపారట. తరువాత వచ్చిన కుర్రవాడు గ్యాసు సిలిండరు దించకముందే సబ్బునీళ్ళు అడిగాడు. బయటి యూనిట్ దగ్గర ఫ్లేర్ నట్టు మీద బుడగలు లేచాయి. ఇల్లు మారినప్పుడు విప్పి బిగించిన జాయింటు అది. గొట్టం మూతి కోసి, కొత్తగా విప్పార్చి బిగించాడు. మూడేళ్ళ బిల్లులకు మూలం ఆ ఒక్క నట్టు.

అయితే చల్లదనం తగ్గిన ప్రతిసారీ లీకేజీయే అనుకోనక్కరలేదు. ముందు ఫిల్టరు తీసి కడగండి. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనుల దుమ్ము ఎన్ని ఫిల్టర్లను మింగిందో ఆ రోడ్డు పక్కవారిని అడగాలి! ఫిల్టరు మూసుకుపోయినా కాయిల్ మీద మంచు కడుతుంది. ఫిల్టరు శుభ్రంగా ఉన్నా మంచు కడుతూ, చల్లదనం తగ్గుతూ ఉంటే అనుమానించాలి. జాయింట్ల దగ్గర నూనె జిడ్డు ఉందేమో చూడమనండి. గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కొంత బయటికి వస్తుంది. దుమ్ము అక్కడ నల్లగా అంటుకుంటుంది. ఇవన్నీ మెయిన్ స్విచ్ ఆపిన తరువాతే. గోడకు వేలాడే యూనిట్ కోసం మన వయసులో స్టూలెక్కవద్దు.

సబ్బునీటికి దొరకని లీకేజీ ఉంటుంది. అప్పుడు మిగిలిన గ్యాసును సిలిండరులోకి తీసి, గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి, గేజీ ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టి వదలాలి. కొన్ని గంటల తరువాత ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్లే. లోపలి యూనిట్‌ను, బయటి యూనిట్‌ను విడివిడిగా పరీక్షించవచ్చు. కాయిల్ విప్పి నీళ్ళ తొట్టిలో ముంచితే సన్న బుడగ కూడా దాగదు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కిస్తానంటే వెంటనే ఆపండి. లోపలి నూనెతో కలిసి పేలుతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి. మురుగు నాలాల దగ్గర కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుందే, అది హైడ్రోజన్ సల్ఫైడ్. దేవుడి మందిరంలో వెండి కుంకుమ భరిణెను నల్లబరిచేది అదే, రాగి గొట్టాన్ని తినేదీ అదే. నాచారం పెద్దచెరువు వైపు గానీ, ఉప్పల్ నల్లచెరువు వైపు గానీ ఇల్లున్నవారు, వెండి తోమిన కొద్ది రోజులకే నల్లబడుతుంటే కాయిల్ మీద ఓ కన్నేసి ఉంచండి. అలా తినేసిన కాయిల్‌కు ఒకచోట అతుకు వేస్తే మరోచోట చిల్లి పడుతుంది. కాయిల్ మార్చడమే మేలు. మిషను పాతబడి, అందులో ఆర్-22 గ్యాసు ఉంటే మాత్రం ఆ ఖర్చు కూడా దండగని నా అభిప్రాయం. ఓజోన్ పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని క్రమంగా తొలగిస్తున్నారు.

ఆర్-22 మిషనులో ఆర్-410ఎ నింపనివ్వకండి; దాని ఒత్తిడి చాలా ఎక్కువ. ఇప్పటి మిషన్లలో ఎక్కువగా ఉండే ఆర్-32కు, కొన్నింటిలో ఉండే ఆర్-290కి మండే గుణం ఉంది. ఆర్-290 అంటే ప్రొపేనే. అవి గొట్టంలో ఉండగా బ్రేజింగ్ మంట దగ్గరికి రాకూడదు. గ్యాసు తీసి, నైట్రోజన్‌తో ఊదిన తరువాతే అతుకు పని. గది కిటికీలు తెరవాలి, దీపారాధన కొండెక్కాకే పని మొదలుపెట్టాలి.

అతుకు అయ్యాక వాక్యూమ్ పంపు కనీసం అరగంట తిరగాలి. గాలీ తేమా పోవడానికది. కొందరు ఆ పంపు మోసుకురావడానికి బద్ధకించి, గ్యాసుతోనే గాలి తరిమేస్తారు. ఒప్పుకోవద్దు. ఆపైన గ్యాసును తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములో మిషను పక్క రేకు మీద అచ్చువేసి ఉంటుంది.

బిల్లు మీద "గ్యాస్ ఫిల్లింగ్" అని ఒక్క ముక్క రాస్తే డబ్బివ్వకండి. లీకేజీ ఎక్కడ దొరికింది, ఏం చేశారు, ఎన్ని గ్రాములు నింపారు, తేదీ, సంతకం ఉండాలి. ఆ కాగితం పెన్షన్ ఆర్డరు ఉంచిన ఫైలులోనే పెట్టండి. మరుసటి వేసవికి వచ్చే మెకానిక్కు ముందుగా చూడవలసింది అదే.

భోజనాల వేళయినట్లుంది. సెలవు.