వైఫై మాటలు – వాటి అర్థాలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్లము, ఇంజనీర్లము కాము. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణమున్నది. కిందటేడు స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆఖరి రోజున ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకొని మా దగ్గరకు వచ్చింది. ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉన్నది. "సిగ్నల్ బాగానే ఉంది బేటీ, కాసేపట్లో పోతుంది, కూర్చో" అన్నాము. రాత్రయింది; ఫారం పోలేదు. ఘాట్ రోడ్డులో చెట్టు కూలి కేబులు తెగిందని మరునాడు తెలిసింది. ఆ ఏటి స్కాలర్‌షిప్ పోయింది. తప్పు ఆ బిడ్డది కాదు, మాది. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు అన్న సంగతి మాకు తెలియదు. ఆ తరువాత తెలుసుకొన్న నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాము.

వైర్‌లెస్ అంటే తీగలేనిది. ఉర్దూలో 'లాసిల్కీ' అంటాము. 'లా' అంటే లేదు, 'సిల్క్' అంటే తీగ. ఇది మనకు కొత్త కాదు. 1895లోనే జగదీశ్ చంద్ర బోసు కలకత్తాలో తీగ లేకుండా, గోడల అవతలనున్న గంట మోగించి చూపించారు. వైఫై కూడా అటువంటి రేడియో తరంగాలతోనే నడుస్తుంది.

డొంకరాయి వారికి డాము సంగతి చెప్పనక్కరలేదు. ఇక్కడ ఆగిన సీలేరు నీరు పవర్ కెనాల్ గుండా పొల్లూరు పవర్ హౌసుకు పోతుంది. ఇంటర్నెట్‌ను డాములోని నీరనుకోండి. కేబులు కాలువ. గోడకు తగిలించిన రౌటర్ తూము. తూము నుండి మన బిందె దాకా ఉన్న ఆఖరి పది గజాలే వైఫై. ఎగువన కాలువకు గండి పడితే తూము ఎంత బాగుండి ఏం లాభం? ఫోనులోని గీతలు తూము మనకు ఎంత బాగా అందుతున్నదో చెబుతాయి. నీరున్నదో లేదో చెప్పవు.

ఎస్ఎస్ఐడి అంటే ఆ వైఫైకి పెట్టుకొన్న పేరు, అంతే. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు కనుక పేరు చూసి నమ్మరాదు. హాట్‌స్పాట్ అంటే ఒక ఫోను తన మొబైల్ డేటాను పక్క ఫోనులకు వైఫైగా పంచడం.

బ్యాండ్ అంటే తరంగాల పట్టీ. ఎక్కువగా వాడేవి రెండు: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. రెండవది వేగం ఎక్కువ, గోడ అడ్డం వస్తే నీరసిస్తుంది. వానకు తడిసిన చెట్లు కూడా తరంగాలను మింగుతాయి. కాబట్టి రౌటర్‌ను బీరువా వెనుక దాచకుండా ఇంటి నడుమ, ఎత్తుగా పెట్టాలి.

వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలును మెగాబైట్లలో కొలుస్తారు. 8 బిట్లు ఒక బైటు. అంటే 40 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు వచ్చేది మహా అయితే 5 మెగాబైట్లు. ఇంటిల్లిపాదీ వీడియోలు చూస్తుంటే అదీ పంచుకోవలసిందే.

ఇక తాళం. డబ్ల్యూఇపి అన్న పాత తాళంలోని లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. నేడు డబ్ల్యూపిఎ2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపిఎ3 గాని పెట్టుకోవాలి. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చుకోవాలి. తాళం లేని వైఫై మీద బ్యాంకు పని చేయరాదు. ఓటిపి అడిగినవాడు ఎవరైనా సరే, చెప్పరాదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. దరఖాస్తును ఆఖరి రోజుకు ఉంచకండి. వైఫై గుర్తు ఉండి కూడా పేజీ తెరుచుకోకపోతే వైఫై ఆపి మొబైల్ డేటాతో ప్రయత్నించండి. అదీ లేకపోతే కనెక్షన్ ఉన్న ఊరికి బయలుదేరండి, కూర్చోకండి.

ఈ ఏడు ఆ అమ్మాయి మొదటి వారంలోనే ఫారం పంపి, రసీదు కాగితం తెచ్చి చూపింది. "మాస్టర్ సాబ్, గుర్తు చూసి ఊరుకోలేదు, ముందు పేజీ తెరిచి చూశాను" అన్నది. మేము చెప్పిన పాఠమే మాకు అప్పజెప్పింది. మాకు అంతకన్నా ఏం కావాలి?

సెలవు. ఖుదా హాఫిజ్.