ఏం తినకూడదు? ఏం మానకూడదు?



ఈ సాయంత్రం మనం పాఠం పుస్తకం తెరవం. ఒక నోటు పుస్తకం గురించి చెప్పుకుందాం. దాన్ని మీలాంటి ఒక అక్క రాసింది. ఆమె పేరు చెప్పను. ఆమెది మన గణపవరం పక్క ఊరే. చేపల చెరువుల మీద కూలికి వెళ్తుంది. ఆమెకి ఒక్కతే కూతురు. పన్నెండేళ్ళ పిల్ల. ఆ పిల్లకి తొమ్మిదో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి.

ఫిట్స్ అన్నా మూర్ఛ అన్నా ఒకటే. కొందరు గాలి సోకిందంటారు. అది గాలీ కాదు, దయ్యమూ కాదు. మన మెదడులో సన్నని కరెంటు లాంటిది ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. ఒక్కోసారి అది గతి తప్పుతుంది. అప్పుడు మనిషి పడిపోతాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు. ఇది అంటురోగం కాదు. ముట్టుకుంటే రాదు. నురగ తగిలినా రాదు.

ఆ పిల్లకి డాక్టరు మాత్రలు రాశారు. కానీ ఊళ్ళో తలో మాటా అన్నారు. “వంకాయ పెట్టకు” అంది ఒకామె. అక్క వంకాయ మానిపించింది. నెల రోజులు ఫిట్స్ రాలేదు. “చూశావా, వంకాయే!” అన్నారు. నెల దాటాక మళ్ళీ వచ్చింది. ఈసారి గోంగూర మానిపించింది. తర్వాత గుడ్డు. తర్వాత చేప. తర్వాత పెరుగు. దసరా నాటికి ఆ పిల్ల కంచంలో అన్నమూ చారూ మిగిలాయి. పిల్ల చిక్కి సగమైంది. ఇంట్లో చేపల పులుసు ఉడుకుతుంటే అరుగు మీద కూర్చుని ఏడ్చేది. పథ్యం ఉంది కదా అని మాత్ర కూడా రోజు విడిచి రోజు వేశారు.

ఇక్కడ నా తప్పు కూడా ఉంది. అది మీ ముందు ఒప్పుకోవాలి. మూర్ఛకి ఆహారంతో వైద్యం ఉందని నేను ఒక పేపర్లో చదివాను. సగమే చదివాను. అన్నం తగ్గించి నెయ్యి, నూనె ఎక్కువ పెట్టాలని అక్కకి చెప్పాను. “టీచరమ్మ చెప్పింది” అని ఆమె నమ్మింది. అన్నం పూర్తిగా మానిపించింది. మూడో రోజుకి పిల్ల వాంతులు చేసుకుంది. మాత్ర కూడా కక్కేసింది. ఆ రాత్రి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. నేనూ వెళ్ళాను. తల ఎత్తుకోలేకపోయాను.

డాక్టరమ్మ నన్ను గట్టిగానే మందలించారు. తర్వాత కూర్చోబెట్టి వివరంగా చెప్పారు.

ఆ వైద్యం నిజంగానే ఉంది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో వైల్డర్ అనే డాక్టరు దాన్ని మొదట చెప్పారు. కొవ్వు బాగా ఎక్కువ, అన్నం లాంటివి బాగా తక్కువ. 2008లో లండన్ డాక్టర్లు మందులకి లొంగని మూర్ఛ ఉన్న పిల్లల మీద దీన్ని పరీక్షించారు. మూడు నెలలకి 100లో 38 మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మామూలు తిండి తిన్న పిల్లల్లో 100లో 6గురికే అలా తగ్గాయి.

మరి అందరూ ఎందుకు చెయ్యకూడదు? ఎందుకంటే అది మందు లాంటిది. ప్రతి ముద్దా త్రాసులో తూచి పెట్టాలి. ముందు రక్త పరీక్షలు చెయ్యాలి. కొందరు పిల్లల ఒంటికి ఆ తిండి ప్రమాదం. మూత్రపిండాల్లో రాళ్ళు రావచ్చు. ఎదుగుదల తగ్గవచ్చు. అందుకే రెండు రకాల మందులు సరిగా వాడినా తగ్గని పిల్లలకి, పెద్ద డాక్టర్లు దగ్గరుండి మొదలుపెడతారు. మన ఇంట్లో, మన పొయ్యి మీద చేసుకునే ప్రయోగం కాదది.

ఇక వంకాయ సంగతి. కాకి వాలింది, తాటిపండు రాలింది అంటారు కదా. కాకి బరువుకి పండు రాలిందా? కాదు. అది రాలే వేళకి కాకి వచ్చింది. ఫిట్స్ కూడా అంతే. ఒకసారి వచ్చాక కొన్నాళ్ళు ఆగడం దాని తీరు. ఆ సమయంలో మనం ఏది మానినా, అదే కారణం అనిపిస్తుంది.

“మరి నిజం ఎలా తెలుస్తుందండీ?” అని అక్క అడిగింది.

“నీకు రాయడం వచ్చా?” అని డాక్టరమ్మ అడిగారు.

అక్క నా వంక చూసింది. మన సాయంత్రం బడిలో చేరి అప్పటికి ఏడు నెలలు. “వచ్చండి, నెమ్మదిగా” అంది.

“అయితే పిల్లకి అన్నీ పెట్టు. మాత్ర ఒక్క పూట కూడా మానకు. రోజూ రాయి.”

నేను పేజీకి ఐదు గళ్ళు గీసి ఇచ్చాను. తేదీ. మాత్ర. నిద్ర. తిండి. ఫిట్స్. అక్క రోజూ రాత్రి దీపం పెట్టాక రాసేది. మూడు నెలలు రాసింది. తర్వాత ముగ్గురం కూర్చుని లెక్క చూశాం.

ఫిట్స్ వచ్చింది నాలుగుసార్లు. రెండుసార్లు మాత్ర గడిలో సున్నా ఉంది. చేపలు పట్టే రోజు కదా, అక్క తెల్లవారుజామునే చెరువు మీదకి వెళ్ళిపోయింది. పిల్ల మాత్ర మరిచిపోయింది. మూడోసారి అమ్మవారి తీర్థం మర్నాడు. రాత్రంతా నిద్ర లేదు. నాలుగోసారి ఒళ్ళు కాలే జ్వరం.

మరి చేప? చేపల కూర తిన్న రోజులు ఇరవై. అందులో ఫిట్స్ వచ్చింది ఒక్క రోజు. అది జ్వరం వచ్చిన రోజే. వంకాయ తిన్న రోజులు పదిహేను. ఆ రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు.

అక్క ఆ పేజీల మీద చెయ్యి వేసి అంది: “ఏడాది పాటు పిల్ల నోరు కట్టేశాను టీచరమ్మా. కట్టాల్సింది నోరు కాదు, మాత్ర కొంగున కట్టాల్సింది.”

మీలో కొందరు అడగవచ్చు. “2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు కదా? అది తిండి వల్ల కాదా?” మంచి ప్రశ్న. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి వెళ్ళారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. పురుగు మందుల అవశేషాలు కూడా కనిపించాయి. విషం ఒంట్లో చేరితే ఎవరికైనా ఫిట్స్ రావచ్చు. మూర్ఛ జబ్బు వేరు. కూరలు బాగా కడిగి వండుకోవడం మాత్రం అందరికీ మంచిదే. బద్దెపురుగు గుడ్లు కూరగాయల మట్టిలోంచి కడుపులో చేరితే, వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు మెదడుకి చేరి మూర్ఛ తేవచ్చు. మాంసం ముట్టని వారికి కూడా అలా వస్తుంది. అందుకే మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడగాలి.

ఇంకొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టవద్దు. నోట్లో చెంచా, నీళ్ళు పెట్టవద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తని బట్ట పెట్టండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చెయ్యండి.

మాత్రల అట్ట అయిపోవడానికి వారం ముందే కొత్తది తెచ్చుకోండి. తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపవద్దు. కడుపు పండాలనుకునే ఆడపిల్లలు ముందే డాక్టరుకి చెప్పాలి. కొన్ని మాత్రలు కడుపులో బిడ్డకి మంచివి కావు. డాక్టరు వాటిని మారుస్తారు. సరిగా మందు వాడితే 100 మందిలో 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకగలరు.

“పిల్లకి పెళ్ళి ఎలా?” అని దాచిపెట్టవద్దు. మూర్ఛ ఉంటే హిందూ వివాహం చెల్లదనే మాటని 1999లో చట్టం నుంచి తీసేశారు. దాచిన జబ్బుకి మందు పడదు.

ఇప్పుడు ఆ పిల్ల బడికి వెళ్తోంది. పోయిన ఆరు నెలల్లో ఒక్కసారే ఫిట్స్ వచ్చింది. మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళాను. కొరమీను పులుసు వండారు. పిల్ల కంచం నాకుతోంది. నోటు పుస్తకంలో ఆ రోజు తిండి గడిని తానే నింపింది. చేప బొమ్మ వేసింది.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఫిట్స్ వచ్చేవారు ఉన్నారా? రేపు వచ్చేటప్పుడు ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. ఐదు గళ్ళు మనమే గీసుకుందాం.