గీతల మధ్య ఖాళీలో ఏముంది?

ఈరోజు టెన్త్ ఫిజిక్స్‌లో నేను బట్టీ పట్టేసిన ఒక పాఠం గురించి మాట్లాడుకుందాం: అయస్కాంత క్షేత్రం. "బలరేఖలు ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి వెళ్తాయి" అని రాసి మార్కులు తెచ్చుకున్నా. బీటెక్ అయింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా చేశా. మొన్న మా అక్క కూతురు పుస్తకం తెచ్చి అడిగింది: "మామయ్యా, ఈ రెండు గీతల మధ్య ఖాళీలో అయస్కాంతం పనిచేయదా?" నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసింది.

ఇద్దరం కూర్చుని చేసి చూశాం. అయస్కాంతం మీద కాగితం పెట్టి, ఇనుప రజను చల్లి, మెల్లగా తట్టాం. ఒక్కో రేణువూ చిన్న అయస్కాంతంగా మారి పక్కదాని కొనకు అతుక్కుంటుంది. మనకు గీతల్లా కనిపించేవి ఆ వరసలే. రజను తీసేసి, ఖాళీ ఉన్న చోట దిక్సూచి పెట్టాం. ముల్లు తిరిగింది! అంటే క్షేత్రం అక్కడా ఉంది. గీత అనేది ముల్లు చూపించే దిక్కుకి మనం వేసుకున్న గుర్తు, అంతే. గీతలు దగ్గరగా ఉన్నచోట బలం ఎక్కువ.

ఇంకో మాట. బలరేఖలు దక్షిణ ధ్రువం దగ్గర ఆగిపోవు. అయస్కాంతం లోపల దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లి చుట్టు పూర్తి చేస్తాయి. నేను రాసిన జవాబులో ఆ సగం లేదు, అయినా మార్కులు పడ్డాయి!

1820లో ఆయిర్‌స్టెడ్, కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. అక్కడ అయస్కాంతమే లేదు. మరి ముల్లెందుకు కదిలింది? వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. అప్పటిదాకా మీ ఇంట్లో పిల్లలు ప్రశ్న అడిగితే, "సిలబస్‌లో లేదు" అనకండి. ఉంటా మరి.