ఉపగ్రహ టెలిఫోన్లు: అవసరానికీ గిరాకీకీ మధ్య దూరం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సిగ్నల్స్ కోర్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. అందుకని మన కాలనీలో ఎవరి ఫోను పాడయినా, ఎవరి టీవీ డిష్షు గాలికి తిరగబడినా కబురు నాకే వస్తుంది. ఈమధ్య ఆ కబుర్ల తీరు మారింది. "సార్, ఇకమీదట ఫోన్లన్నీ ఆకాశం నుంచే నట గదా, ఆ కంపెనీల్లో డబ్బు పెడితే ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. కమ్యూటేషన్ డబ్బు చేతికొచ్చిన వారం రోజులకే ఈ ప్రశ్న వేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఇవాళ అందరి ముందూ చెబితే బాగుంటుందని కార్యదర్శిగారు ఈ అవకాశం ఇచ్చారు. వారికి కృతజ్ఞతలు.

ఫలానా షేరు కొనండి, ఫలానాది అమ్మండి అని నేను చెప్పను. అది నా విద్య కాదు. ఈ వ్యాపారం లోపల ఎలా నడుస్తుందో, ఎక్కడ మునుగుతుందో మాత్రం చెబుతాను.

ముందు కొంచెం సాంకేతిక విషయం. భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిపిన ఉపగ్రహం మనకు కదలకుండా ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. ఇన్మార్‌శాట్, తురాయా ఫోన్లు ఇలాంటి ఉపగ్రహాలతోనే పనిచేసేలా కట్టారు. మూడు నాలుగు ఉపగ్రహాలుంటే ధ్రువ ప్రాంతాలు తప్ప భూగోళమంతా సరిపోతుంది. అయితే మాట అంత దూరం పోయి రావాలి గనక జాప్యం ఉంటుంది. మనవాళ్ళకు సెట్టుమీద "ఓవర్" అనే అలవాటు ఉంది కాబట్టి ఇబ్బంది లేదుగానీ, ఇంట్లోవాళ్ళకు ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

రెండో పద్ధతి, ఉపగ్రహాలను కిందికి తేవడం. ఇరిడియం ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. జాప్యం తగ్గుతుంది, ఫోను చేతిలో పట్టేంత చిన్నదవుతుంది. కానీ ఒక్కో ఉపగ్రహం మన నెత్తిమీద పది నిమిషాలకన్నా నిలవదు. అది దాటిపోయేలోగా ఇంకోటి రావాలి. అందుకే 66 ఉపగ్రహాలు కావలసివచ్చాయి.

పెట్టుబడి చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు సెల్‌ఫోను కంపెనీ ముందు విజయవాడలో పది టవర్లు వేస్తుంది. జనం చేరితే గుంటూరుకు పోతుంది, చేరకపోతే అక్కడే ఆగుతుంది. ఉపగ్రహాల కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. 66 ఉపగ్రహాలూ పైకి పోయాకగానీ మొదటి కాల్ అమ్మడానికి వీలుండదు. మొదటి రూపాయి లోపలికి వచ్చేసరికే డబ్బంతా ఖర్చయిపోయి ఉంటుంది. పైగా భూమిలో 70 శాతం సముద్రమే. ఏ క్షణంలో చూసినా ఉపగ్రహాల్లో ఎక్కువభాగం నీళ్ళమీద ఖాళీగా తిరుగుతుంటాయి.

ఇరిడియం ఆలోచన మోటరోలా ఇంజనీర్లకు 1987లో వచ్చింది. ఆనాటికి అది గొప్ప ఆలోచనే. సెల్‌ఫోన్లు కొద్ది నగరాల్లో మాత్రమే ఉండేవి, ఒక దేశం ఫోను ఇంకో దేశంలో సాధారణంగా పలికేది కాదు. ప్రపంచమంతా తిరిగే వ్యాపారులు ఎగబడి కొంటారని లెక్క వేశారు. సుమారు 500 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు. 1998 నవంబరు 1న సేవ మొదలయింది. ఈ పదకొండేళ్ళలో కింద ప్రపంచం మారిపోయింది. మన దేశంలోనే 1995 జూలై 31న మొదటి సెల్‌ఫోను మోగింది. ఆ వ్యాపారులు తిరిగే నగరాలన్నింటికీ టవర్లు వచ్చేశాయి. ఇరిడియం ఫోను ఖరీదు 3 వేల డాలర్లు, అంటే ఆనాటి మారకంలో లక్షా పాతిక వేలు. నిమిషానికి కొన్ని డాలర్లు. ఇటుకరాయంత బరువు. ఆపైన గదిలో పలకదు, కారులో పలకదు, ఆరుబయట నిలబడాలి. అయిదు నక్షత్రాల హోటల్లో దిగిన వ్యాపారి ఫోను కోసం రోడ్డుమీదికి వస్తాడా?

1999 మార్చి నెలాఖరుకు ఇంతమంది చందాదారులు ఉండాలని అప్పిచ్చిన బ్యాంకులు షరతు పెట్టాయి. చేరినవాళ్ళు పదివేల చిల్లర, షరతులో సగం కూడా కాదు. 1999 ఆగస్టు 13న కంపెనీ దివాళా రక్షణ కోరింది. 2000 మార్చిలో మామూలు సేవ ఆపేశారు. లక్షణంగా పనిచేస్తున్న ఉపగ్రహాలను కిందికి దించి వాతావరణంలో కాల్చేయడానికి ఏర్పాట్లు కూడా మొదలయ్యాయి.

ఇందులో మన డబ్బూ ఉంది. మన దేశపు ఆర్థిక సంస్థలు ఇరిడియం ఇండియా టెలికాం పేరిట అందులో వాటా తీసుకున్నాయి. పుణె దగ్గర గేట్‌వే కట్టారు. తరవాత, పెట్టుబడి అడిగినప్పుడు ఇచ్చిన పత్రాల్లో అసలు విషయం దాచారని ఆ భారతీయ కంపెనీ మోటరోలా మీద ఫిర్యాదు చేసింది. 2010 అక్టోబరు 20న సుప్రీంకోర్టు, మోసం వంటి నేరాల్లో కంపెనీని కూడా విచారించవచ్చని, దానికి దురుద్దేశం అంటగట్టకూడదన్న వాదన చెల్లదని తీర్పు చెప్పింది. నేరం జరిగిందా లేదా అన్నది అందులో తేల్చలేదు. నేను చెప్పేదేమిటంటే, నిపుణులూ లాయర్లూ ఉన్న సంస్థలకే ఆ పత్రాలు చదివి ప్రమాదం పసిగట్టడం కష్టమయింది. మన సంగతి ఆలోచించండి.

ఇరిడియం ఒక్కటే కాదు. ఐకో అనే కంపెనీ అదే నెలలో, 1999 ఆగస్టులోనే దివాళా తీసింది. 2000 మార్చిలో దాని మొదటి ఉపగ్రహం రాకెట్టుతో సహా సముద్రంలో పడింది. గ్లోబల్‌స్టార్ 1998 సెప్టెంబరులో ఒకే రాకెట్టులో 12 ఉపగ్రహాలు పోగొట్టుకుంది, 2002లో దివాళా తీసింది. కొత్త యజమాని చేతికి పోయాక కూడా దాని ఉపగ్రహాల్లో యాంప్లిఫయర్లు అనుకున్నదానికన్నా ముందే అరిగిపోయి, మాటల సేవ దెబ్బతింది. పైకి పంపినదాన్ని కిందికి తెచ్చి రిపేరు చేసే వర్క్‌షాపు ఎక్కడా లేదు గదా.

మరి ఇరిడియంను బతికించింది ఎవరు? మీకు నచ్చే విషయం ఇది. సైనికుడే బతికించాడు. 2000 డిసెంబరులో అమెరికా రక్షణ శాఖ 20 వేలమంది వినియోగదారుల కోసం రెండేళ్ళకు 7 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ భరోసాతో కొత్త యాజమాన్యం మొత్తం వ్యవస్థను రెండున్నర కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 500 కోట్ల సొత్తు రెండున్నర కోట్లకు! అప్పుభారం తీరిపోయింది, జీతం ఇచ్చే వినియోగదారు దొరికాడు, కంపెనీ నిలబడింది. 2017 నుంచి 2019 జనవరి వరకు పాత ఉపగ్రహాల స్థానంలో కొత్తవి పంపారు. 2023 నాటికి చందాదారులు 20 లక్షలు దాటారు. అయితే వాటిలో అధికభాగం మనుషులు మాట్లాడే ఫోన్లు కావు. ఓడలు, లారీలు, యంత్రాలు ఎక్కడున్నాయో చెప్పే చిన్న పరికరాలు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. వ్యవస్థ అదే, ఉపగ్రహాలు అవే. మొదట డబ్బు పెట్టినవాడు మునిగాడు, తరవాత వచ్చినవాడు తేలాడు. "ఈ సాంకేతికతకు భవిష్యత్తు ఉంది సార్" అని ఏజెంటు చెబితే అది నిజమే కావచ్చు. ఆ భవిష్యత్తు దాకా మీ డబ్బు బతికి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

ఇక గిరాకీ సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కబురు బయటికి రావడానికే ఎంత ఆలస్యమయిందో పెద్దలకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న అంత పెద్ద నగరంలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. అటువంటి వేళ ఉపగ్రహ ఫోను విలువ ఎంతని కట్టగలం? కానీ ఆ అవసరం ఏడాదికి మూడు రోజులో, పదేళ్ళకు ఒకసారో. ఆ మూడు రోజుల కోసం ఏడాది పొడుగునా చందా కట్టే గృహస్థు ఎవరు? అవసరం ఉన్నచోట డబ్బుండదు, డబ్బున్నచోట టవరు ఉంటుంది. ఈ వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన జబ్బు ఇదే.

మన జవాన్ల సంగతే చూడండి. లడఖ్‌లో ఒక శీతాకాలం మా పోస్టులో ఇన్‌శాట్ ద్వారా పనిచేసే శాటిలైట్ ఫోను ఉండేది. ఎవరికి ఎన్ని నిమిషాలో పట్టిక రాసే పని నాది. నిమిషానికి అయిదు రూపాయలు. శ్రీకాకుళం కుర్రాడొకడు వాళ్ళమ్మతో మాట్లాడేవాడు. "తిన్నావా నాన్నా?" అని ఆమె అడిగేది. జవాబు పోయేలోగా వినబడలేదనుకుని మళ్ళీ అడిగేది. ఇద్దరూ ఒక్కసారే మాట్లాడేవారు, ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయేవారు. అయిదు నిమిషాల్లో రెండు నిమిషాలు అలాగే పోయేవి. అయినా ఆ వాడు ఫోను పెట్టేసి బయటికి వచ్చేటప్పుడు నడకే మారిపోయేది. 2017 అక్టోబరులో దీపావళికి ప్రభుత్వం ఆ రేటును సైనికులకు, పారామిలిటరీవారికి నిమిషానికి రూపాయికి తగ్గించి, నెలవారీ 500 రూపాయల చార్జీ తీసేసింది. మంచిపని. ఈ ఫోను అందరికన్నా ఎక్కువ కావలసినవాడు దాని అసలు ధర ఎన్నటికీ కట్టలేడని ఒప్పుకున్నట్టే గదా. ఆ తేడా ఖజానాయే భరించాలి. మార్కెట్టు భరించదు.

మన దేశంలో ఇంకో అడ్డు చట్టం. 2008 ముంబై దాడుల్లో ఉగ్రవాదులు శాటిలైట్ ఫోను వాడారు. తురాయా, ఇరిడియం ఫోన్లు అనుమతి లేకుండా ఉంచుకోవడం మన దగ్గర నేరం. బీఎస్ఎన్ఎల్ 2017లో ఇన్మార్‌శాట్ ద్వారా సేవ మొదలుపెట్టినా ముందు ప్రభుత్వ శాఖలకే ఇచ్చింది. అమెరికా నుంచి సెలవులకు వచ్చే మన పిల్లలకు ఒక్కమాట చెప్పండి. కొండలెక్కేటప్పుడు వాడే ఉపగ్రహ సందేశ పరికరాలు కూడా సామానులో పెట్టుకు రావద్దని. అలా తెచ్చిన విదేశీ యాత్రికులు మన విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నారు. ఏ దేశానికి ఆ దేశం లైసెన్సు ఇవ్వాలి, ఏ దేశమైనా వద్దనవచ్చు. పెట్టుబడి పెట్టేవాడు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

కొత్త కంపెనీల కథ వేరుగా ఉందా? వన్‌వెబ్ 2020 మార్చిలో దివాళా తీసింది. బ్రిటన్ ప్రభుత్వం, మన భారతి సంస్థ చెరి 50 కోట్ల డాలర్లు పెట్టి లేపారు. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా ప్రయోగాలు ఆగిపోయాయి. 36 ఉపగ్రహాలు బైకనూరులోనే చిక్కుకున్నాయి. అప్పుడు మన శ్రీహరికోట నుంచి 2022 అక్టోబరులో, 2023 మార్చిలో ఎల్‌వీఎం3 రాకెట్టు మొత్తం 72 ఉపగ్రహాలు మోసింది. మనకు గర్వకారణమే. వాటాదారు కంటితో చూస్తే మాత్రం, రాజకీయం ఎంత ప్రమాదమో అది చూపించింది.

మామూలు ఫోనుకే ఉపగ్రహం అందించడం ఇప్పటి ఒరవడి. 2022 నవంబరులో ఆపిల్ ఫోన్లలో గ్లోబల్‌స్టార్ ద్వారా ఆపద సందేశం మొదలయింది. 2024 నవంబరులో ఆపిల్ ఆ కంపెనీ అనుబంధ సంస్థలో 20 శాతం వాటాకు ఒప్పుకుంది. వినియోగదారు విడిగా చందా కట్టలేదు, ఫోను తయారుచేసినవాడే కట్టాడు. ఇరిడియం కూడా అలాగే క్వాల్‌కామ్‌తో 2023 జనవరిలో చేతులు కలిపింది. ఫోను కంపెనీలు ముందుకు రాకపోవడంతో అదే నవంబరులో ఆ ఒప్పందం రద్దయింది. ఒకే పనికి ఒక కంపెనీకి కట్టేవాడు దొరికాడు, ఇంకోదానికి దొరకలేదు. 2024 ఏప్రిల్‌లో తురాయా-3 ఉపగ్రహం పాడయి ఆసియా, పసిఫిక్ ప్రాంతంలో దాని ఫోన్లు మూగబోయాయి. ఒక్క ఉపగ్రహం మీద ఆధారపడితే అంతే.

కాబట్టి ఎవరైనా మీ ముందుకు రంగుల కాగితాలు తెస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. నెలనెలా డబ్బు కట్టేది ఎవరు? ఆ కట్టేవాడు ఒక్కడేనా, పదిమందా? ఉపగ్రహాలకు ఆయుష్షు తీరాక కొత్తవాటికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈలోగా నేలమీద టవరు వస్తే ఏమవుతుంది? "ప్రపంచంలో ఇన్ని కోట్లమందికి సిగ్నల్ లేదు" అని చెబితే అది జవాబు కాదు. దాహం వేసినవాళ్ళను లెక్కపెట్టి నీళ్ళ వ్యాపారం లాభం లెక్కగట్టినట్టు ఉంటుంది.

గ్రాట్యుటీ, కమ్యూటేషన్, ఇల్లు కట్టే డబ్బు, ఆడపిల్ల పెళ్ళి డబ్బు ఇటువైపు రానివ్వకండి. పోయినా కన్నీళ్ళు రాని డబ్బు ఉంటే అది మీ ఇష్టం. ఇరవైయేళ్ళ సర్వీసుకు వచ్చిన మొత్తాన్ని మళ్ళీ సంపాదించే వయసు మనకు లేదు.

సంఘానికి ఒక మనవి. ఎత్తయిన పోస్టుల్లో మన పిల్లలు ఇంటితో మాట్లాడే నిమిషాలు లాభనష్టాల లెక్కల్లోకి జారిపోకుండా చూడమని, కొత్త ఉపగ్రహ సేవలు వచ్చినప్పుడు ఆ సౌకర్యం వాళ్ళకు ముందు అందేలా అడగమని మనం వ్రాతపూర్వకంగా పైవారికి విన్నవించుకోవాలి. ఈ సభలోనే ఆ తీర్మానం చేస్తే సంతోషిస్తాను.

 జై హింద్.