డీజెలులో బయోడీజెలు ఎంత?



నాచారము, ఉప్పల్ పారిశ్రామిక వాడలకు సరకు తెచ్చు లారీలును, మీ పొలము దున్ను ట్రాక్టరును నడచునది డీజెలుతోనే. 2030 నాటికి ఈ డీజెలులో నూటికి 5 పాళ్లు బయోడీజెలు కలుపవలెనని 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానము లక్ష్యముగా నిర్దేశించినది. కానుగ వంటి గింజల నూనెను మిథనాలుతో చర్య జరిపి, గ్లిసరినును తొలగింపగా మిగులునదే బయోడీజెలు.

కలిపిన పాళ్లు తెలియుట అవసరము. మితిమీరిన యెడల అది తేమను పీల్చును. పాత ఇంజనులలోని రబ్బరు గొట్టములను ఉబ్బించును. ట్యాంకులోని మడ్డిని కరగించి ఫిల్టరును పూడ్చును. కాని కలిసిన పిదప కంటికి రెండును ఒక్కటే.

ఉప్పల్ పోవు దారిలో, తార్నాకలో, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కలదు. నూనెల పరిశోధనకు అది పేరొందినది. ఇట్టి ప్రయోగశాలలు ఎరిగిన ఉపాయ మొకటి మీకు విన్నవింతుము.

తేనీరు చిక్కనైన కొలది గాజుగ్లాసు గుండ వచ్చు వెలుగు తగ్గును గదా! అట్లే ఇంధనపు పలుచని పొర గుండ కంటికి కనబడని పరారుణ కాంతిని పంపుదురు. బయోడీజెలులోని ఎస్టరు బంధము సుమారు 5.7 మైక్రానుల తరంగమును మ్రింగును. శుద్ధమైన డీజెలులో ఆ బంధము లేదు. పాళ్లు తెలిసిన మిశ్రమములతో ముందుగా కొలబద్ద తయారుచేసుకొని, మ్రింగిన కాంతిని దానితో సరిచూచిన చాలును.

అయితే ఒక్క హెచ్చరిక. పచ్చి నూనెయందును ఆ బంధము కలదు గనుక, ఈ పరీక్ష పరిమాణమునే చెప్పును. నాణ్యమునకు వేరు పరీక్షలు కావలెను. కావున రైతు సోదరులు పచ్చి కానుగనూనెను తామే ట్యాంకులో కలుపరాదని మా మనవి. అది ఇంజనులో మసిగా పేరుకొనును. గింజలు అమ్ముకొనుడు, కలుపు పని తెలిసినవారికి విడువుడు.